రెండో సంతకం

"ఇందులో తప్పేముంది మేడమ్? అందరూ చేస్తున్నదే కదా!" అని శశిభూషణ్ అడిగితే తిరుమలాంబ గారు జవాబు చెప్పలేదు. ఆవిడ అలవాటే అంత. అడిగినవాడికి ఒళ్లు మండేదాకా ఊరుకుని, అప్పుడు ఏదో ఒక పని చెప్పేవారు.

మాది విశాఖలో మలేరియా మీద పరిశోధన చేసే ల్యాబు. శశి ఆవిడ శిష్యుడు, నా తోటివాడు. అతని ఉద్యోగం పర్మనెంటు చేయాలా, ఇంటికి పంపాలా అని తేల్చడానికి కమిటీ కూర్చోబోతోంది. వాళ్లు చూసేదల్లా అతని పేపర్లను ఎంతమంది ఉదహరించారు, అంటే సైటేషన్లెన్ని, ఎన్ని ల్యాబులతో కలిసి పనిచేశాడు అన్నదే. రెండింటిలోనూ మావాడు అంతంతమాత్రం. సరిగ్గా అప్పుడే వేరే ఊళ్ల ల్యాబుల్లోని మిత్రులు ఒక దారి చూపించారు. మా పేపర్లలో నీ పేరు చేరుస్తాం, నీవాటిలో మా పేర్లు చేర్చు. మమ్మల్ని నువ్వు సైట్ చెయ్యి, నిన్ను మేం చేస్తాం. ఒకరి పని ఒకరు చదవను కూడా అక్కర్లేదు. ఎంత చక్కటి స్నేహమో! శశి మేడమ్‌ని అడిగింది దీని గురించే.

మర్నాడు పాడేరు వైపు ఆసుపత్రి నుంచి జ్వరంతో ఉన్న ఒక గర్భిణి రక్తం స్లైడు వచ్చింది. మా దగ్గర ఏ స్లైడునైనా ఇద్దరం చూస్తాం, వేర్వేరు గదుల్లో, ఒకరు రాసింది ఇంకొకరికి తెలియకుండా. ఇద్దరి మాటా కలిస్తేనే రిపోర్టు బయటికి పోతుంది. ముందు నేను చూసి, మలేరియా లేదని రాసి, కెజియా అని సంతకం పెట్టాను.

తిరుమలాంబ గారు ఆ రిపోర్టు తీసుకెళ్లి శశి ముందు పెట్టారు. స్లైడు పట్టుకుని నేనూ వెనకే వెళ్లాను. "కెజియా లేదని రాసింది. నువ్వూ పెట్టెయ్."

"స్లైడేది మేడమ్?"

"స్లైడెందుకయ్యా? కెజియా మీద నమ్మకం లేదా? రేపు నీ స్లైడుకి ఆమె పెడుతుందిలే."

శశి మొహం ఎర్రబడింది. "మీరు చెప్పినా సరే, నేను పెట్టను! అక్కడ కడుపుతో ఉన్న మనిషి జ్వరంతో పడి ఉంది. చూడకుండా పెట్టే రెండో సంతకం ఎందుకు, తగలెయ్యడానికా?" అంటూ నా చేతిలోని స్లైడు లాక్కున్నంత పని చేసి, తన గదిలోకి పోయి ధడాలున తలుపు వేసుకున్నాడు.

చాలాసేపటికి బయటికొచ్చాడు. "లేదు" అని సంతకం పెట్టాడు.

"నేను చెప్పిందే కదా? మరి ఇంత రభస ఎందుకు చేశావు?" అన్నారావిడ.

ఆ సాయంత్రమే అతను మిత్రులందరికీ ఫోన్ చేసి, చదవకుండా పేర్లు ఇచ్చిపుచ్చుకోవడం కుదరదన్నాడు. బతకడం చేతకానివాడివి అని వాళ్లు తిట్టారు. నాకు మాత్రం ఎంత సంతోషమేసిందో!

కమిటీ అధ్యక్షుడు కాగితం చూసి పెదవి విరిచాడట. "ఇన్నేళ్లకి సైటేషన్లు ఇంతేనా?"

"ఇంతే సార్. అందులో నేను బతిమాలి వేయించుకున్నది ఒక్కటీ లేదు. లోపలికి వచ్చే ప్రతివాణ్నీ అవి ఎలా వచ్చాయో కూడా అడగండి" అని లేచి వచ్చేశాడు.

వాళ్లు ఆ మాట ఎవరినీ అడగలేదు. శశి తిన్నగా తిరుమలాంబ గారి దగ్గరికి వచ్చి, "ఉద్యోగం పోయింది మేడమ్. నెలాఖరు దాకానే ఉంటాను" అన్నాడు. తల మాత్రం వంచలేదు.

ఆవిడ కొత్తగా వచ్చిన స్లైడ్ల ట్రే చేతికిచ్చారు.

"నెలాఖరు ఇంకా రాలేదుగా. వీటిని కెజియా చూసేసింది. ఏం రాసిందో నేను చెప్పను. వెళ్లి తలుపు వేసుకో."