ఉడుత ఖాళీ చేసిన తురాయి

మా టీచర్ల కాలనీలో నీళ్ల ట్యాంకు వీధికి తురాయి చెట్టే అందం. వేసవిలో ఆకు కనపడనంత ఎర్రగా పూసేది. కాలనీ కట్టిన కొత్తలో నీడ తొందరగా రావాలని ఏరికోరి నాటారు. నీడ తొందరగానే వచ్చింది. తొందరగా వచ్చినవన్నీ నిలుస్తాయా అన్నది వేరే చర్చ, అందులోకి దిగితే కథ ఇక్కడే ఆగిపోతుంది.

ఎదురుగా ఒక వేప. రోడ్డు వైపు ఒరిగి, బెరడంతా నెర్రెలు పడి ఉంటుంది. పాలవాడు కూడా దాని కింద సైకిలు ఆపడు.

తురాయి తొర్రలో ఉడుత కాపురం. పిల్లలు ఇంకా కళ్లు తెరవలేదు. వేప మీద కాకి పెత్తనం. ఉడుత పిల్లలంటే కాకికి ఎంత ఇష్టమో చెప్పనక్కర్లేదు, ముక్కుతో చూపించే ఇష్టం అది.

ఉడుత చెట్టు దిగేది తలకిందులుగా, ముక్కు బెరడుకి ఆనించి. కాకి ఎప్పుడూ కొన మీదే వాలుతుంది. ఒకే వీధిలో ఉన్నా రెండూ చూసిన చెట్లు వేరు.

తొలకరి మబ్బులు పట్టిన పొద్దున ఉడుత వేప దగ్గరికొచ్చింది.

"బావా, ఈ వేప ఖాళీ చేస్తావా?"

"పూల మేడలో ఉన్నదానివి, ఈ కుంటిదాని మీద కన్నెందుకు మరదలా?"

"మేడకి పునాది పోయింది. చెట్టు మొదట్లో చెక్కలాంటి పుట్టగొడుగులు లేచాయి. కాలువ తవ్వినవాళ్లు అటువైపు వేర్లు నరికేశారు. నిన్నటి గాలికి మట్టి ఉబ్బి బీట తీసింది."

కాకి మెడ వంచి ఒంటికంట చూసింది. "అబద్ధానికి ఇన్ని వివరాలు పనికిరావు మరదలా. నా దగ్గర నేర్చుకో, ఒక్క ముక్కతో సరిపెట్టాలి."

"నిజం కాబట్టే ఇన్ని ఉన్నాయి."

"మరి నా వేప ఒరగలేదా?"

"చిన్నప్పుడు ఎండ కోసం ఒరిగింది. తర్వాత తల సూటిగా ఎత్తుకుంది, చూడు. మొదలు బలిసింది, చుట్టూ మట్టి ఇసుమంతైనా కదల్లేదు. ఆ నెర్రెలు వయసు ముడతలే, లోపల కర్ర గట్టిది."

కాకి లోలోపల నవ్వుకుంది. పూల చెట్టు ఇచ్చి వంకర చెట్టు అడిగే పిచ్చిది మళ్లీ దొరకదు. పైగా పిల్లలు ఎటూ పోవు, ఎదురుగానే ఉంటాయి.

"నా దయ అనుకో. మార్చుకుందాం. రేపు పూలు కావాలని ఏడవకూడదు."

"ఏడవను. నువ్వు మాత్రం మళ్లీ వేప మీద వాలకూడదు. ఒప్పుకుంటేనే బేరం."

వీధిలో గోరింకలన్నీ వింటున్నాయి. వాటి ముందు వెనక్కి తగ్గడం కాకికి చిన్నతనం.

"ఒప్పుకున్నా."

"నా మాట విని తురాయి మీద గూడు కట్టకు బావా. దిగి మొదలు చూసుకో."

"రెక్కలున్న జాతి మాది. మొదళ్లు చూసుకోవాల్సింది కాళ్లతో పాకేవాళ్లు."

ఉడుత తన తొర్రకి పరుగెత్తింది. పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని రోడ్డు దాటించి వేప మీది చిన్న తొర్రలో పడుకోబెట్టింది. కాకి ఇనప తీగ ముక్కలూ చీపురు పుల్లలూ మోసుకెళ్లి పూల నడుమ గూడు కట్టుకుంది. చూడ్డానికి బాగానే ఉంది, కాదనను.

గూడు పూర్తయిన మధ్యాహ్నమే గాలివాన విరుచుకుపడింది. తురాయి కొమ్మ విరగలేదు, ఆకు రాలలేదు. పూలతో సహా మొత్తం చెట్టు నిదానంగా పక్కకి వాలి రోడ్డుకి అడ్డంగా పడుకుంది. పైకి లేచిన వేళ్లు పుచ్చిపోయి పిండి రాలుతున్నాయి. వానకి వీధిలో మనుషులెవరూ లేరు, అదే అదృష్టం. వేప ఒళ్లు విరుచుకున్నట్టు ఊగి, నాలుగు ఎండు పుల్లలు రాల్చి ఊరుకుంది.

తడిసిన రెక్కలతో కాకి వచ్చి గోడ మీద వాలింది.

"ఒక్క కొమ్మ ఇవ్వు మరదలా. గుడ్లు పెట్టే రోజులు."

ఉడుత తోక నిటారుగా పెట్టి తొర్ర ముందుకొచ్చింది. దాని వెనక పిల్లలు వెచ్చగా నిద్రపోతున్నాయి.

"మాట ఇచ్చావు కదా బావా, గోరింకలు విన్నాయి. వెనక వీధిలో మంచి కానుగ ఉంది. నేను చూశాను, అయినా నా మాట నమ్మకు. నువ్వే చూసుకో."

ఆ సాయంత్రం కాకి కానుగ చుట్టూ బురదలో గెంతుతూ మొదలు పరిశీలించింది. గోరింకలు గోడెక్కి, ఏ వైపు సరిగ్గా చూడలేదో చెబుతూనే ఉన్నాయి.

నీతి: చెట్టు బలం చూడాలనుకుంటే తల ఎత్తకు, ముందు తల వంచు.