ఒక్క వాగుకు రెండు పేర్లు

అనగనగా అని అందరూ మొదలుపెడతారు. నేను చెప్పబోయే కాలం ఆ అనగనగాకి ముత్తాత! ఆ కాలంలో చెంగల్వకోట అనే రాజ్యం, ఆ రాజ్యంలో ఒక అద్దకపుశాల ఉండేవి. ఆ శాలలో రంగు కలిపే గోళేలు ఎంతెంత పెద్దవంటే, ఏనుగు దిగి ఈతకొడితే మావటివాడు గట్టున నిలబడి కేకలేసి వెతుక్కోవలసిందే. ఇందులో జానెడు కూడా నేను పెంచి చెప్పలేదు.

ఆ శాలకు పెద్ద కోనప్ప. అద్దిన బట్టలను, శాలను ఆనుకున్న కొండకు ముందువైపు రేవులో జాడించేది సుంకులు. ఆమె జాడించిన ఎర్రబట్ట ఆరేస్తే, తెల్లవారిందనుకుని ఏడూళ్ల కోళ్లు కూసేవి!

పొద్దు వాలగానే పనివాళ్లు మిగిలిన రంగులన్నీ శాల వెనక తూములో కుమ్మరించేవారు. గోడకు మూడుసార్లు చేతులు చరిచి, "వాగు మోసుకుపోయింది!" అని ఒక్కగొంతుతో అనేవారు. ఇళ్లకు పోయేవారు. ఎక్కడికి మోసుకుపోయిందని ఎవరూ అడగలేదు.

శాల దగ్గర పారేదాన్ని వెనకవాగు అనేవారు. రేవు దగ్గర పారేదాన్ని ముందువాగు అనేవారు. నడుమ మేకలకొండ. కొండచుట్టూ పాము కూడా ఒళ్లు గీరుకుపోతుందని భయపడే ముళ్లపొదలు.

ఆ ఏడు రణకేసరి మహారాజు తన సైన్యానికి పదివేల నల్ల తలపాగాలు కావాలన్నాడు. ఇనుపముక్కలూ బెల్లమూ నీళ్లలో పులియబెడితే కసిం అనే నల్లరంగు వస్తుంది. శాలంతా కసిమే! మిగిలిందంతా తూములోకే!

తలపాగాలయ్యాక రాజు, "కోటకు ఎర్రజెండా కావాలి. పున్నమికి ఎగరాలి" అన్నాడు.

మొదటి జెండా అద్దారు. రేవులో జాడించగానే వంకాయరంగుకు తిరిగింది. కోనప్ప, "వేరు పాతది" అని, ఎరుపునిచ్చే చిరివేరు కొత్తది తెప్పించాడు.

రెండో జెండా అద్దారు. మాడిన ఇటుకలా తేలింది. ఈసారి కోనప్ప వేలు సుంకులు మీదికి తిరిగింది.

"శాలలో రంగు భేషుగ్గా ఉంది ప్రభూ. రేవులో దిగాకే చెడుతోంది. ఈవిడ చేతిలోనే ఏదో ఉంది."

రాజు కళ్లెర్రజేశాడు. "సుంకులూ! ఇంకా తొమ్మిది రోజులున్నాయి. మూడోది కూడా చెడిందా, నువ్వు రేవు విడిచి, రాజ్యం విడిచి పోవాలి."

ఇంకొకరైతే అక్కడే కూలబడేవారు. సుంకులు కొంగు బిగించింది. "చెయ్యి నాది ప్రభూ, నీళ్లు నావి కావు. తప్పు దేనిదో తేల్చుకుని వస్తాను."

రేవుకు వెళ్లేసరికి ఆమె బండమీద ఒక కొంగ ముడుచుకు కూర్చునుంది. మెడదాకా నలుపు.

"సుంకులమ్మా, నెలకిందట నేను హంసల పెళ్లికి పేరంటం వెళ్లినదాన్ని. ఇప్పుడు కాకులు నన్ను వదినా అని పిలుస్తున్నాయి. నా బతుకు చూశావా?"

"ఎక్కడ అంటిందే నీకీ నలుపు?"

"వెనకవాగులో. చేపల కోసం దిగాను. చేపల్లేవు, ఇదిగో ఈ చీర మిగిలింది."

సుంకులు కొడవలి అందుకుంది. శాల వెనకనుంచి వాగు వెంట, ముళ్లను నరుక్కుంటూ నడిచింది. మొదటి మలుపులో ఒక్క కప్ప అరుపు లేదు. రెండో మలుపులో మోకాలెత్తు రాళ్లన్నీ మసిబారి ఉన్నాయి. మూడో మలుపులో ఆఖరి పొద నరికి చూసింది. ఎదురుగా తన బండ! తన గంప! ఇంకా అక్కడే కూర్చున్న కొంగ!

ఆ మాట చెబితే కోనప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. "వెనకవాగు వెనకది, ముందువాగు ముందుది. మా తాత చెప్పాడు. నీకు ఎండ తలకెక్కింది పో!"

"అయితే ఎండలోనే తేల్చుకుందాం మావా" అంది సుంకులు.

రాజును రేవులో నిలబెట్టింది. కోనప్పను పక్కన నిలబెట్టింది. వెళ్లి వెనకవాగులో గంపెడు బంతిపూలు కుమ్మరించింది. తమలపాకు నమిలేంతసేపు ఏమీ లేదు. కోనప్ప మీసం దువ్వాడు. ఇంకో ఆకు నమిలేసరికి ఒక బంతిపువ్వు మలుపు తిరిగింది. దాని వెనక పది. దాని వెనక వంద. వరసగా వచ్చి కోనప్ప కాళ్లకు చుట్టుకున్నాయి.

మీసం మీది చెయ్యి జారిపోయింది. "మనం పారబోసిన కసిమే మన జెండాను తినేసింది ప్రభూ!"

"వీణ్ణే వెళ్లగొడతాను!" అని గర్జించాడు రాజు. ఆ గర్జనకు కొండమీది మేకలు మూడు మూరలు ఎగిరిపడ్డాయి.

"ఆయన్ని పంపేస్తే గుంటలెవరు తవ్వుతారు ప్రభూ?" అంది సుంకులు.

"గుంటలా? ఈ కసిమంతా ఎక్కడ పొయ్యాలి, నా నెత్తినా?" అన్నాడు కోనప్ప.

"నీ నెత్తి చాలదులే మావా. వాగుకు దూరంగా, గట్టినేలలో మూడు గుంటలు."

ఎవరూ కదల్లేదు. సుంకులు పలుగు తానే ఎత్తింది. ఆ నేల రాయికి అన్న. మొదటిరోజు పలుగు వంగింది, ఆమె వంగలేదు. రెండోరోజు అరచేతులు పగిలాయి, గుడ్డచుట్టి తవ్వింది. మూడోరోజు చూస్తే పక్కన ఇంకో పలుగు మోగుతోంది. అది కోనప్పది. ఆ సాయంత్రానికి శాలంతా దిగింది. గుంటల లోపల బంకమన్ను మెత్తారు.

మొదటి గుంటలో కసిం పోసి సున్నం కలిపారు. నలుపంతా అడుగుకు దిగింది. పైన తేరిన నీళ్లను రెండో గుంటలో నిలబెట్టి, గోళేలు కడగడానికే మళ్లీ వాడారు. అడుగు మడ్డిని మూడో గుంటలో ఎండబెట్టి, కప్పెట్టి, ఇక్కడ ఏముందో తెలిసేలా రాయి పాతారు. పనికొచ్చే కసిం మూతకుండల్లో దాచారు. తూముకు మట్టీ రాయీ కొట్టి మూసేశారు.

నాలుగు రోజులు వాగు తనను తాను కడుక్కుంది.

పున్నమినాడు మూడో జెండా రేవులో దిగింది. సుంకులు ముంచింది, జాడించింది, ఎత్తింది.

ఎరుపు! ఆ ఎరుపు చూసి అస్తమించబోయే సూర్యుడు సిగ్గుపడి రెండు ఘడియలు ముందే దిగిపోయాడు. నా మాట నమ్మకపోతే సూర్యుణ్ణే అడగండి.

జెండా కోటమీద ఎగిరింది. రేవు సుంకులుకే దక్కింది.

ఆ సాయంత్రం పని ముగిశాక కోనప్ప అలవాటుగా గోడమీదికి చేతులెత్తాడు. ఎత్తినవాడు ఆగాడు. వెనక్కి తిరిగి గుంటల దగ్గరికి నడిచి, పక్కన దాచిన కసిం కుండల మూతలన్నీ సరిగా ఉన్నాయో లేదో వంగి వంగి చూశాడు.

పిల్లలూ, ఇదీ నీతి: పనిచేసినచోట పుట్టిన చెత్తను కనబడకుండా తోసేస్తే పోయినట్టు కాదు, దాన్ని పుట్టించిన చేతులే దాని దారి కూడా చూడాలి.