బోర్లించిన భిక్షాపాత్ర

ఒక ప్రశ్న అడుగుతాను, ఆలోచించి చెప్పండి. ఒక ఇంట్లో వాళ్ళకే తినడానికి లేదు. ఆ ఇంటి ముందుకి రోజూ భిక్షకు వచ్చే ఒకావిడ, పాపం వీళ్ళని ఎందుకు ఇబ్బంది పెట్టడం అని, రావడం మానేసింది. మంచి పని చేసినట్టా, కాదా?

లాస్య మంచిదే అంటోంది. వీడేమో తల అడ్డంగా ఊపుతున్నాడు గాని ఎందుకో చెప్పలేకపోతున్నాడు. సరే, ఎవరి జవాబు వాళ్ళు దాచుకోండి. ఈ చింతపండు చేట కాస్త పక్కన పెట్టనివ్వండి. గింజలు తీస్తూ చెబితే నాకు కథ కుదరదు.

చాలా పాతకాలం మాట. సముద్రానికి దగ్గర్లో ఒక ఎర్రమట్టి కొండ, కొండ మీద భిక్షుణుల ఆరామం. భిక్షుణులంటే ఇల్లు వదిలి, తల గొరిగించుకుని, కాషాయం కట్టిన బౌద్ధ స్త్రీలు. పొద్దున్నే పాత్ర పట్టుకుని ఊళ్ళోకి, ఎవరి వంతు వీధుల్లోకి వాళ్ళు దిగుతారు. ప్రతి ఇంటి ముందూ కాసేపు నిలబడతారు. నోరు తెరిచి అడగరు. పెడితే తీసుకుంటారు, పెట్టకపోతే ముందుకి కదులుతారు. ఒక్క ఇల్లు కూడా దాటెయ్యకూడదు. మేడ అయినా గుడిసె అయినా వరసలో ఆగాల్సిందే. ఈ నియమం గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ ఆరామానికి పెద్ద క్షేమ థేరి. థేరి అంటే వాళ్ళలో పెద్ద భిక్షుణి. ఆవిడ శిష్యురాలు ఉత్పల. ఉత్పలకి వైద్యం బాగా పట్టుబడింది. ఆరామంలో ఒక పక్కన రోగుల కోసం ఒక సాల కట్టించి, కషాయాలు కాచి, పుళ్ళు కడిగి, పసిపిల్లల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని జావ పట్టేది. ఆ వేసవిలో నీళ్ళ విరేచనాలు ఊరంతా పట్టుకున్నాయి. సాల నిండిపోయింది. భిక్షకు దిగడానికి తీరిక లేక ఉత్పల తన పాత్రని దుమ్ము పడకుండా గూట్లో బోర్లించి పెట్టేసింది. తిండి రోగుల బంధువులే తెచ్చిపెట్టేవాళ్ళు.

ఒకరోజు గురువు దగ్గరికి వచ్చింది.

"అమ్మా, ఇంకో సాల కట్టాలి. చోటు చాలడం లేదు."

"అంతమంది వస్తున్నారా?"

"వస్తున్నారు. వచ్చినవాళ్ళెవరూ నా చేతుల్లో పోలేదమ్మా." ఆ మాట అన్నప్పుడు ఉత్పల గొంతులో కొంచెం సంతోషం ఉంది. ఉండకూడదని నేననను.

"రానివాళ్ళో?" అంది థేరి.

"రాలేదంటే వాళ్ళకి జబ్బు లేనట్టే గదమ్మా."

థేరి లేచి గూటి దగ్గరికి వెళ్ళింది. ఉత్పల పాత్రకీ గోడకీ మధ్య సాలెపురుగు గూడు కట్టింది. దాన్ని చేత్తో తీసేసి, పాత్రని తిప్పి, తన కొంగుతో తుడిచి ఉత్పల చేతిలో పెట్టింది.

"పద, నేనూ వస్తాను."

ఇద్దరూ కొండ దిగారు. గానుగ వీధిలో అన్నం పెడుతూ ఒక ముసలావిడ, "ఉత్పలమ్మగారికి ఇన్నాళ్ళకి దారి గుర్తొచ్చిందన్నమాట. జబ్బు చేస్తే తప్ప మీ మొహం చూసే భాగ్యం లేదు గదా మాకు" అంది. ఉత్పల నవ్వేసింది.

వీధి చివర ఉత్పల కాళ్ళు అలవాటుగా కొండ వైపు తిరిగాయి. థేరి మాత్రం ఏటివైపు, జాలరి వీధిలోకి నడిచింది.

"అక్కడ వద్దమ్మా" అంది ఉత్పల మెల్లగా. "వేట పడక వాళ్ళే పస్తులుంటున్నారు. సాల నిండకముందే, పోయిన ఏడాదే, జాలిపడి ఆ వీధి నేను మానేశాను."

"వాళ్ళని అడిగే మానేశావా?"

ఉత్పల పాత్ర సర్దుకుని థేరి వెనకాల నడిచింది.

జాలరి వీధిలో వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు వీళ్ళని చూసి లేచి నిలబడ్డారు గాని ఎవరూ దగ్గరికి రాలేదు. నూకమ్మ అనే ఆవిడ గుడిసె ముందు థేరి ఆగింది. ఒకప్పుడు రోజూ ఉత్పలకి గంటెడు చోడి అంబలి, అదే రాగి అంబలి, పోసిన మనిషి. నూకమ్మ బయటికి వచ్చి, పాత్ర వైపు చూసి, గుమ్మంలోనే ఉండిపోయింది.

"మా తప్పు తీరిపోయిందా అమ్మగారూ?" అని అడిగింది.

"ఏం తప్పు నూకమ్మా?"

"మాకేటి తెలుస్తాది. మా వీధి మీద పాత్ర బోర్లించారు గదా, మీరే చెప్పాలి."

ఇది మీకు తెలియదు, చెబుతాను. ఎవరైనా ఘోరమైన పని చేస్తే, వాళ్ళింట భిక్ష తీసుకోవడం ఆపేసేవాళ్ళు భిక్షుణులు. దాన్నే పాత్ర బోర్లించడం అనేవాళ్ళు. అంతకంటే పెద్ద శిక్ష వాళ్ళ దగ్గర లేదు. మామూలుగా భిక్షకు వచ్చే మనిషి ఉన్నట్టుండి ఆ గడపకి రావడం మానేస్తే, ఆ ఇంటివాళ్ళు ఏమనుకుంటారు?

"చేపల్ని చంపి బతికేవోళ్ళం. ఇన్నాళ్ళకి మీకు రోత పుట్టిందేమో అనుకున్నాం" అంది నూకమ్మ.

"అయ్యో, కాదు నూకమ్మా. మీకే గంజి లేని రోజులు, మళ్ళీ నాకెందుకని..."

"గంటెడు అంబలి పోస్తే చచ్చిపోతామా తల్లీ" అని, ఆ మాట నోట్లోంచి వచ్చాక నూకమ్మ ఆగిపోయింది.

లోపల దూలానికి ఉయ్యాల చీర ముడేసి ఎత్తి కట్టి ఉంది. ఉత్పల దాన్ని చూసింది.

"చంటివాడేడీ?"

"పోయాడమ్మా. మొన్న అమాసకి ముందు. విరేచనాలై నీళ్ళలాగే అయిపోయాడు."

"కొండ మీదికి తీసుకు రావలసింది గదా. నేనున్నాను గదా."

"పాత్ర బోర్లించిన గడపవోళ్ళం. ఏ మొహం పెట్టుకుని ఎక్కుతాం?" అంది నూకమ్మ. కోపంగా అనలేదు. ఎదురుగా ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది.

కాసేపటికి థేరి, "దాహంగా ఉంది నూకమ్మా, నీళ్ళిస్తావా?" అంది.

"కుండ ఖాళీ అమ్మగారూ. చెలమకి పోయి తెస్తాను."

"మేమూ వస్తాం, పద."

వేసవి గదా, ఏరు ఎండి సన్నటి పాయ పారుతోంది. పాయ ఒడ్డునే ఇసకలో తవ్విన గుంట. దాన్నే చెలమ అంటారు. వీధి మొత్తానికి అదొక్కటే. పశువులు దిగకుండా చుట్టూ ముళ్ళకంప వేశారు. ఆ కంపకి ఒక గుడ్డపీలిక తగులుకుని ఉంది. కాషాయం రంగు పీలిక.

నూకమ్మ దాన్ని లాగి అవతల పారేసింది. "రోజూ ఇవే. పైనుంచి పాయలో కొట్టుకొస్తాయి. మావోడు పువ్వులనుకునేవోడు. ఏరుకుని గుప్పెట్లో పట్టుకుంటే వదిలేవోడు కాదు."

ఉత్పల ఆ పీలిక వంక చూస్తూ నిలబడిపోయింది. ఆ ఊళ్ళో ఆ రంగు గుడ్డ ఇంకెవరి దగ్గరా ఉండదు. చిరిగిన తమ కాషాయాల్నే పీలికలు చేసి, వాటితో రోగుల్ని తుడిచి, సాయంత్రం కొండ మెట్లు ఏటిని తాకే మలుపులో తనే జాడించేది. ఆ నీళ్ళు కిందికి ఎక్కడికి పోతాయో తను ఎన్నడూ కిందికి వచ్చి చూడలేదు.

థేరి శిష్యురాలి వైపు చూడలేదు. పాత్ర చాపింది. నూకమ్మ ముంచి పోసింది. థేరి పాత్ర ఎత్తబోతుంటే ఉత్పల చెయ్యి అడ్డం వచ్చి పాత్ర మూతి మీద పడింది.

"తాగకండమ్మా."

నూకమ్మ ఆ చెయ్యి చూసింది. తర్వాత ఇసకలో పడున్న పీలిక చూసింది. తర్వాత ఉత్పల కట్టుకున్న బట్ట చూసింది. ఖాళీ కుండ చంకనెత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి ఏట్లో గుడ్డలు జాడించడం మానేశారు. వాటిని కాగులో ఉడకబెట్టి, ఆ నీళ్ళు ఏటికి దూరంగా గుంటలో పోసేవాళ్ళు. గుంట ఎక్కడ తవ్వాలో ఉత్పల జాలరి వీధి ఆడవాళ్ళనే అడిగింది. వాళ్ళే కొండెక్కి వచ్చి చోటు చూపించారు. కొత్త చెలమ కూడా పాయకి ఎడంగా, పైఒడ్డున వాళ్ళతో కలిసి తవ్వింది. అందరూ వచ్చారు. నూకమ్మ రాలేదు.

ఉత్పల పాత్ర ఆ తర్వాత ఎన్నడూ గూట్లోకి వెళ్ళలేదు. రోగులు ఎంతమంది ఉన్నా పొద్దున్నే కొండ దిగేది. జాలరి వీధిలో ప్రతి గడప ముందూ ఆగేది. నూకమ్మ గడప ముందూ ఆగేది. నూకమ్మ బయటికి వచ్చేది కాదు. ఉత్పల నిలబడాల్సినంత సేపూ నిలబడి, ముందుకి కదిలేది.

వానలు మొదలయ్యాక ఒకరోజు థేరి అడిగింది.

"నూకమ్మ ఇవాళేమైనా పెట్టిందా?"

"లేదమ్మా."

"ఇంతకుముందు?"

"ఎప్పుడూ పెట్టలేదు."

"మరి అంతసేపు ఎందుకు నిలబడతావు?"

ఉత్పల పాత్ర కడుగుతోంది. తల ఎత్తలేదు.

"పొయ్యి రాజేసిందో లేదో చూస్తానమ్మా."

"రాజేసిందా?"

"రాజేసింది. పొగ వచ్చింది."

థేరి ఆ పాత్ర అందుకుని, తుడిచి, మూతి పైకి ఉండేలా గడప పక్కన పెట్టింది.

ఏమిటి లాస్యా? నూకమ్మ తర్వాత ఎప్పుడైనా అంబలి పోసిందా అంటావా? ఏమోనమ్మా, నాకు చెప్పినవాళ్ళు ఇక్కడితోనే ఆపేశారు. నేనూ మీలాగే అడిగాను.

నా చేట ఇలా జరపండి. ఎండ పోతోంది, చింతపండులో సగం గింజలు అలాగే ఉన్నాయి.