ఎడబండ తల్లికి గుడి ఎందుకు లేదు

“ఓదెలూ!”

వాగుకు ఈవలి బండ మీద నిలబడి ఒక పడుచు ఇలా పిలిస్తేనే ఎడబండ జాతర మొదలైనట్టు. ఆవలి బండ మీది ఎర్రరాయే అమ్మవారు. ఆమెకు గోడ లేదు, తలుపు లేదు, కప్పు లేదు. కట్టిన పసుపు చీరను గాలి ఒక్క గడియ నిలవనివ్వదు.

పూర్వం ఇక్కడ ఒక చిన్న కురుమల పల్లె ఉండేది. గొర్రెలు మేపుకుంటూ దూరం పోయిన ఓదెలు ఒక వానాకాలం తిరిగి వచ్చాడు. పల్లెలో అతని పాటకు మించిన పాట లేదు. మేనమామ కూతురు సమ్మవ్వతో పెళ్లి మాట కూడా అయిపోయింది. దారిలో ఏదో ఊళ్లో అంటిన దగ్గు గొంతులో గిలిపెడుతున్నా, చెబితే ఆమెను చూడనివ్వరని దాచాడు. బయట వాన. పల్లెంతా ఒకే పాకలో తలుపు మూసుకుని, ఒక్కో గొంగడిలో ముగ్గురు నలుగురు ఒదిగి అతని పాట విన్నారు. అతడు సమ్మవ్వ వంకే చూస్తూ గొంతెత్తి పాడాడు. మధ్యలో వచ్చిన దగ్గును నవ్వుగా మార్చాడు.

నాలుగు రోజులకు పాకలో కూర్చున్నవారు ఒక్కొక్కరే దగ్గసాగారు. సమ్మవ్వ తల్లి ఊపిరందక మంచం పట్టింది. బయట మంద కాడ ఉన్నవారికి మాత్రం ఏమీ కాలేదు. ఓదెలుకు కాలు నిలవలేదు. వాగు దాటాడు, తిరిగొచ్చాడు, మళ్లీ దాటాడు. అంతలో ఒక గొర్రె దగ్గితే, ఆలోచించకుండానే దాన్ని మందకు ఎడంగా కట్టేశాడు. అలసి ఎర్రరాయి నీడన కునుకు తీశాడు. కలలో పసుపు చీర ముసలమ్మ వచ్చింది.

“గొర్రె దగ్గితే ఎడంగ కడితివి. నిన్నెవరు కట్టాలె కొడుకా?”

ఉలిక్కిపడి లేచేసరికి ఈవలి బండ మీద సమ్మవ్వ. కాబోయే మగని పేరు పలకని పిల్ల, ఆ రోజు పేరు పెట్టి అరిచింది. పల్లెవాళ్లు తలుపులు బిగించి, సాంబ్రాణి వేసి, అమ్మవారిని వేడుకోవడానికి మళ్లీ పాకలోనే చేరారట.

“మా అమ్మను గూడ మోసుకొచ్చిన్రు. నువ్వు పాడకుంటె తల్లి కరుగదట. రా బావా.”

ఆమె వాగులో కాలు పెట్టింది. ఓదెలు గొంగడి అంచు మూతికి అడ్డం పెట్టుకుని, చెయ్యెత్తి ఆపి, అన్నాళ్లూ మింగిన మాట బయటపెట్టాడు. సమ్మవ్వ నీళ్లలో పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది. వెనుదిరిగి చూడకుండా పోయి, పాక తలుపులు బార్లా తీసి అందరినీ ఎడం చేసింది. ఇద్దరు ముసలివారు దక్కలేదు. ఆమె తల్లి లేచి కూర్చుంది. వారి పెళ్లి అయిందని కొందరు, కాలేదని కొందరు అంటారు. కానీ ఓదెలు దగ్గు తగ్గేదాకా వాగు నడుమ రాతి మీద రోజూ అంబలి ముంత పెట్టి వెనక్కి జరిగింది మాత్రం సమ్మవ్వే.

నేటికీ ఇక్కడ దగ్గున్నవారు ఆవలి బండ మీదే ఉంటారు, ప్రసాదం నడిమి రాతికే వస్తుంది. వాగులో చేతులు కడిగి, మూతికి గుడ్డ కట్టి మొక్కుతారు. అలా మొక్కినవారి ఇంటి ఊపిరిని తల్లి కాస్తుందని నమ్మకం. అయితే పడుచు పిలుపుకు ఆవలి నుంచి జవాబు వచ్చేదాకా ఎవరూ కొబ్బరికాయ కొట్టరు. దగ్గున్నవారిలో ఒకరు లేచి, అందరికీ వినబడేలా, ఓదెలు అన్న మాటే అనాలి:

“రాకు సమ్మవ్వా. ఈ దగ్గు తెచ్చింది నేనే. దాచిపెట్టి మీ నడుమ కూసున్న.”