రాజుగారి కాలికింద గెనిమ

ఒకానొక రాజ్యంలో, ఈ కొసన పెళ్ళిచూపులకి బయల్దేరినవాడు ఆ కొస చేరేసరికి తల నెరిసిపోయేంత పెద్ద రాజ్యంలో, రణభేరుండ మహారాజు ఉండేవాడు. ఆయన మీసాల్లో చిలకలు గూళ్ళు పెట్టేవి.

కొలువులో శబ్దేంద్రశాస్త్రి అనే పండితుడు. ఆయన సమాసం మొదలుపెడితే, ముగిసేలోపు ఊరంతటికీ అన్నం వండి వార్చెయ్యొచ్చు. ఒకనాడు రాజు చెవి కొరికాడు.

"ప్రభూ! పొలానికీ పొలానికీ నడుమ హద్దుని ఒకడు గట్టంటాడు, ఒకడు ఒరమంటాడు, ఇంకొకడు గెనిమంటాడు. ఎంత మోటు! ఇకమీదట 'క్షేత్రద్వయమధ్యస్థమృత్తికాబంధం' అనే అనాలి."

రాజు ఉబ్బిపోయి చాటింపు వేయించాడు. మోటుమాట ఎవరి నోట వచ్చిందో, వాళ్ళ భూమి జప్తు!

మర్నాడే వెంగమ్మ అనే రైతు గుండెలు బాదుకుంటూ వచ్చింది.

"సామీ! పక్క మడి నాగప్ప మా నడుమ గెనిమను చెక్కి చెక్కి దారమంత చేసినాడు. నా మడి మింగేస్తా ఉండాడు!"

"మోటుమాట! నీ మడి జప్తు!" అన్నాడు రాజు.

వెంగమ్మ కూలబడింది. ఇంటిల్లిపాదికీ కూడు పెట్టేది ఆ ఒక్క మడే.

చెంగల్రాయుడనే చమత్కారి లేచాడు. "ప్రభూ! జప్తు చేసే నేలను ఏలినవారు స్వయంగా తొక్కితేనే కదా దర్జా!"

రాజు కదిలాడు. పల్లకి మళ్ళలోకి దిగదు. "ఎటు నడవాలోయ్?"

"ఇదొక మృత్తికాబంధం, అదొక మృత్తికాబంధం ప్రభూ. శాస్త్రిగారి లెక్కలో రెండూ ఒకటే. ఇది దగ్గర," అంటూ నాగప్ప చెక్కినదాన్ని చూపించాడు.

రాజు కాలు మోపాడో లేదో, అది పుటుక్కున తెగింది. బురద తాటిచెట్టంత ఎత్తు లేచింది. రాజు నడుందాకా దిగబడ్డాడు.

"ఒరేయ్, గెనిమ తెగిందిరా! పట్టుకోండ్రా!"

ఒక్కడూ కదల్లేదు.

"ఏం తెగింది ప్రభూ?" అన్నాడు చెంగల్రాయుడు చేతులు కట్టుకుని. "ఆ మాట మాకెవరికీ తెలియదే. శుద్ధంగా సెలవివ్వండి."

"క్షేత్ర... ద్వయ... శాస్త్రీ! తర్వాతేమిటయ్యా?"

"ముందు విగ్రహవాక్యం చెప్పమంటారా ప్రభూ?"

"నీ విగ్రహం మండ! గెనిమరా! గెనిమ, గెనిమ, గెనిమ!"

అందరూ కలిసి లాగితే రాజు ఊడొచ్చాడు.

చెంగల్రాయుడు వంగి దణ్ణం పెట్టాడు. "ప్రభూ! ఆ మాటన్నవారి భూమి జప్తు కదా. తమరేమో దాన్ని దండకంలా చదివారు. మరి ఈ రాజ్యాన్ని ఎవరి పేర రాయమంటారు? వెంగమ్మ పేరా?"

రాజు గుడ్లురిమాడు. అంతలోనే పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకి మీసాల బురద ఎగిరి ఏడూళ్ళ మీద పడింది, ఆ ఏడాది అక్కడ ఎరువే వెయ్యలేదు!

చాటింపు రద్దయింది. చెంగల్రాయుడికిచ్చిన బంగారు కడియం మొయ్యడానికి రెండెడ్ల బండి కట్టాల్సి వచ్చింది. నాగప్ప రాజుగారి ఎదుటే మట్టి మోసి, పాత చోటే కొత్తగా కట్ట వేశాడు.

వెంగమ్మ దానిమీద ఎగిరెగిరి తొక్కి చూసి కేకేసింది.

"ఇప్పుడు రాండి సామీ! ఇది గెనిమ. కావాలంటే ఏనుగునెక్కి రాండి!"