తట్టకు అటువైపు

“ఇలా ఎంతకాలం మోయాలి మాస్టారూ?” అని త్రినాథ్ అడిగేశాడు. మాస్టారి పాత శిష్యులం, మా అందరి కడుపులోనూ ఆ ప్రశ్నే ఉంది, అడిగే దమ్ము లేదంతే.

భూషణం మాస్టారు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. గెడ్డవలస చెరువు అంచున, సగం తడిలో సగం పొడిలో బతికే వేలెడు మొక్క ఒకటుంది. అది ఇంకెక్కడా లేదని ఆయన మాట. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోతే ఆ మొక్కలు ఒడ్డునే మాడిపోతాయి. అందుకని వారానికోసారి వాటిని మట్టిగడ్డలతో సహా పెళ్లగించి, తట్టలో పెట్టి, కొత్త అంచుకు దించాలి. చెరువేమో ఏటికేడు చిక్కిపోతోంది, మా నడుములు పడిపోతున్నాయి.

మాస్టారు తట్ట తెచ్చి త్రినాథ్ చేతిలో పెట్టారు. “ఈ వేసవి నువ్వే చూసుకో నాయనా” అన్నారు.

త్రినాథ్ తెలివైనవాడు, అదే వచ్చిన చిక్కు. వారంవారం ఈ చాకిరీ ఎందుకని, మే నెలాఖరుకు నీళ్లు ఎక్కడిదాకా పోతాయో అంచనా వేసి, అక్కడే, మోకాలి లోతు నీళ్లలో, మొక్కలన్నీ ఒకేసారి నాటేశాడు. నీటి మొక్కలే కదా, నీళ్లేం చేస్తాయిలే అనుకున్నాడు.

పది రోజులకు, చేపలు పట్టే నూకాలమ్మ తన వలకు చిక్కిన కుళ్లు మొక్కలు తెచ్చి మా ముందు పడేసింది. ఏటా నీళ్ల వెంటే ఆమె పాక కూడా కిందికి జరుగుతుంది.

“ఇదేం పని బాబూ? నీళ్లు వెనక్కి తీసేదాకా ఆగాలి గానీ, మేం పాక నీళ్లలో వేసుకుంటామా?” అని చీవాట్లు పెట్టింది.

పరిగెత్తాం. నాటినవాటిలో ఒక్కటీ మిగల్లేదు. పాత ఒడ్డున ఒక రాయి చాటున, త్రినాథ్ కంటపడక ఉండిపోయినవి మాత్రం తొమ్మిది, వాడిపోయి, కొనప్రాణంతో ఉన్నాయి. ఇక లోకంలో అవే. త్రినాథ్ బురదలో కూలబడి ఏడ్చాడు. ఏడవడా మరి? మాకూ ఏడుపొచ్చింది, వాణ్ణి నాలుగు తన్నాలనీ అనిపించింది.

మాస్టారు తిట్టలేదు. మూలుగుతూ వంగి, ఆ తొమ్మిదింటినీ మట్టితో సహా తట్టలోకి చేర్చారు. ఎత్తబోయారు, మోకాళ్లు సహకరించలేదు.

“ఇంత చేశాక కూడా నన్ను ముట్టుకోనిస్తారా మాస్టారూ?” అన్నాడు త్రినాథ్.

“ఈ మోత నాకూ విసుగేనోయ్” అన్నారు మాస్టారు. “అటువైపు పట్టుకో.”