కుడి పక్క బ్రేకు

ఖాదర్ వలీ ఉస్తాద్‌కి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా సమాధానం చెప్పడు, చేతికి ఏదో ఒక పని అప్పగిస్తాడు. సైన్యంలో ఇరవై నాలుగేళ్లు బండ్లు బాగుచేసి వచ్చిన మనిషి. తిరుమలగిరి దాటాక ఉన్న ఆయన రేకుల షెడ్డుకు సందేహంతో వెళ్లినవాడు గ్రీజు చేతులతో తిరిగి రావలసిందే.

అది తెలిసి కూడా ఆ శుక్రవారం పొద్దున రాజలింగం అడగనే అడిగాడు. ఉస్తాద్ దగ్గర పన్నెండేళ్లుగా పని నేర్చుకుంటున్న నలభై ఏళ్ల శిష్యుడతను, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. పెద్దది హారిక కబడ్డీ జట్టుతో నిజామాబాద్ పోతానంది. ఆడపిల్ల ఊళ్లు పట్టుకు తిరుగుతోందని నలుగురూ అంటారేమోనని భయపడి, ఇతను వద్దన్నాడు. "మరి చెల్లె ఈతకు పోతలేదా?" అని ఆ పిల్ల నిలదీసింది. పక్షపాతమన్న మాట పడకూడదని మన పెద్దమనిషి మర్నాటి నుంచే చిన్నదాని ఈత కూడా మాన్పించాడు. న్యాయమంటే అలా ఉండాలి మరి. ఆనాటి నుంచి పిల్లలిద్దరూ అన్నం పెడుతున్నారు, నీళ్లందిస్తున్నారు, బాపూ అని మాత్రం పిలవడం లేదు. ఆదివారం పొద్దున జట్టు బయలుదేరుతుంది.

"ఇద్దరికీ ఒక్క తీరుగనే చేసిన ఉస్తాద్. ఇంకేం జేస్తే న్యాయమైతది?" అన్నాడు రాజలింగం.

"ముందు ఆ చైన్ బండి సంగతి చూడు" అన్నాడు ఉస్తాద్.

షెడ్డు వెనక ఉన్నది రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక వాహనం. మట్టి తవ్వే యంత్రంలాగా రెండు పక్కలా ఇనుప పట్టాల మీద నడుస్తుంది. దానికి స్టీరింగు చక్రం లేదు, డ్రైవరు ముందు రెండు కడ్డీలే ఉంటాయి. ఎడమది లాగితే ఎడమ బ్రేకు పడి ఆ పక్క పట్టా నెమ్మదిస్తుంది, బండి ఎడమకు తిరుగుతుంది. కుడిది లాగితే కుడికి. బండిని ఆపాలన్నా తిప్పాలన్నా ఆ రెండు బ్రేకులే దిక్కు.

నెలన్నర కష్టపడి రాజలింగం రెండిటికీ ఇనుప డ్రమ్మును అదిమి ఆపే కొత్త లైనర్లు వేశాడు. అయినా కడ్డీ ముట్టుకోకుండానే బండి ఎడమకు గుంజుతోంది. "ఎడమది మొండికేసింది" అని విసుక్కుని, కుడిది కూడా అంతే పట్టేలా దాని నట్టు రెండు చుట్లు బిగించాడు. దాంతో బండి దారం పట్టినట్టు తిన్నగా నడిచింది. అతని మొహం వెలిగిపోయింది.

ఉస్తాద్ తలూపాడు. "మంచిగుంది. మైదానం నాలుగు చుట్లు కొట్టిరా."

రెండో చుట్టులోనే ఇంజను మూలగడం మొదలుపెట్టింది. మూడో చుట్టుకు కాలిన వాసన వచ్చి, రెండు పక్కలా పొగ లేచింది. రాజలింగం ఆపి, దిగి చూస్తే డ్రమ్ములు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. నెలన్నర పని కళ్లముందే బుగ్గిపాలైందని అతనికి ఏడుపొచ్చినంత పనైంది. బండి చల్లారేదాకా ఇద్దరూ నీడన కూర్చుని చాయ్ తాగారు.

తర్వాత ఎడమ డ్రమ్ము విప్పారు. కడ్డీ వదలగానే లైనరును డ్రమ్ము మీంచి వెనక్కి లాగే చిన్న స్ప్రింగు ఒకటి ఉంటుంది. అది అక్కడ లేదు. కడగడానికి కిరోసిన్ గిన్నెలో వేసిన స్ప్రింగును రాజలింగం తిరిగి బిగించడం మరిచాడు. పాపం, ఆ బ్రేకు ఎవరూ వదలమనక పట్టుకునే ఉండిపోయింది. కుడి డ్రమ్ము విప్పితే అందులో స్ప్రింగు సరిగ్గానే ఉంది, నట్టు బిగింపుకు లైనరు మాత్రం నల్లగా మాడిపోయింది.

రాజలింగం కిరోసిన్ గిన్నెలోంచి ఆ స్ప్రింగు తీసి తుడిచాడు. దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎడమదాంట్ల ఏ తప్పూ లేదు ఉస్తాద్, తప్పు నాదే" అన్నాడు. "జెర ఇంటికి పోయొస్త. పెద్దదాన్ని నిజామాబాద్ పంపుత."

లేవబోతున్న శిష్యుణ్ణి ఉస్తాద్ భుజం పట్టి ఆపాడు. మాడిపోయిన కుడి లైనరు తీసి అతని చేతిలో పెట్టాడు.

"మరి దీని తప్పేంది?" అన్నాడు.